వైర్ రోపు పాడయ్యేది చుట్ట విప్పిన రోజే

క్రేనుకు కొత్త రోపు వేసి రెండు రోజులే అయింది. హుక్కుకు బరువేమీ లేదు. అయినా కిందికి దించుతుంటే హుక్కు బ్లాకు తనంతట తానే మెల్లగా తిరుగుతుంది. పైనుంచి వచ్చే రోపు వరసలు ఒకదాని మీద ఒకటి పడి జడలా అల్లుకుంటాయి. సైటులో వెంటనే వినిపించే మాట ఒకటుంది: "కొత్త రోపు కదా, వాడుతుంటే అదే సర్దుకుంటుంది." ఓ పిసరు తిరగడమైతే నిజంగానే సర్దుకుంటుంది. వరసలు అల్లుకునేంతగా తిరుగుతోందంటే మాత్రం ఆ రోపులోకి ఎవరో పురి ఎక్కించారు. ఎక్కించింది క్రేను కాదు, రెండు రోజుల కిందట చుట్టను నేల మీద పడేసి కొస పట్టుకుని లాగిన నలుగురు.

రోపు తెగిందంటే అందరి చూపూ బరువు మీదికే పోతుంది. ఎంత ఎత్తారు, లిమిట్ దాటారా, ఆపరేటర్ ఎవరు? ఈ ప్రశ్నలు అవసరమే. కానీ మొదటి బరువు ఎత్తకముందే, నేల మీదే, రోపు ఆయుష్షు సగానికి సగం పోయిన సందర్భాలు ఉంటాయి. అప్పటి తప్పు ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.

తాడు గురించి తెలుగులో ఉన్న మాటలే అసలు సంగతి సగం చెప్పేస్తాయి. తాడును పేనుతారు. పేనితే పురి ఎక్కుతుంది, పురి విడితే పీచు మిగులుతుంది. నులక మంచం అల్లేటప్పుడు నులక మెలిక పడితే ఎవరూ గట్టిగా లాగరు. చుట్టను అటూ ఇటూ తిప్పి మెలికను వదిలిస్తారు. వైర్ రోపూ పేనిన తాడే. సన్నటి ఉక్కు తీగలను పేనితే పాయ అవుతుంది, దాన్నే సైటులో స్ట్రాండ్ అంటారు. పాయలను నడుమ ఒక కోరు పెట్టి మళ్లీ పేనితే రోపు. 6×36 అని రాసి ఉంటే ఆరు పాయలు, పాయకు 36 తీగలు. కోరును వదిలేసినా మొత్తం 216 తీగలు. కోరు నారది కావచ్చు, లేదా లోపల ఇంకో చిన్న ఉక్కు రోపే కావచ్చు. రోపు కప్పీ మీద వంగిన ప్రతిసారీ ఈ తీగలన్నీ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి జారి, మళ్లీ తమ చోటికి వస్తాయి. లోపల గ్రీజు పెట్టేది ఆ జారుడు కోసమే, తుప్పు ఆపడం దాని రెండో పని. రోపును కడ్డీలా కాక వందల భాగాలు కదిలే యంత్రంలా చూడాలనేది ఇందుకే.

ఈ యంత్రం పుట్టింది గనిలో. అప్పటిదాకా గనుల్లో బరువులు ఎత్తడానికి జనపనార మోకులు, ఇనుప గొలుసులు వాడేవారు. గొలుసుతో ఉన్న చిక్కు ఏమిటంటే, ఒక్క లింకు విరిగితే మొత్తం పోయినట్టే, ముందు హెచ్చరిక ఉండదు. 1834లో జర్మనీ హార్ట్స్ కొండల్లోని క్లౌస్తాల్‌లో గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగలతో తాడు పేనించి గనిలో వాడి చూపించాడు. ఆ తాడుకు మూడు పాయలు, పాయకు నాలుగు తీగలు. పేనింది చేత్తోనే. ఒక తీగ తెగినా మిగతావి ఆ భారం పంచుకుంటాయి, తెగిన కొస బయటికి పొడుచుకొచ్చి కంటికి కనిపిస్తుంది. రోపు గొప్పదనం ఆ హెచ్చరికలోనే ఉంది. విప్పేటప్పుడు పడే మెలిక ముందుగా దెబ్బతీసేదీ దాన్నే. భారం అన్ని తీగలకూ సమంగా పంచుకునే పద్ధతి చెడిపోతుంది, కొన్ని తీగలు అవసరానికి మించి మోస్తాయి, కొన్ని ఊరికే ఉంటాయి.

తీగ గట్టిదనం గురించి ఒక పోలిక. ఇంటి స్లాబులో వేసే ఫె 500 కడ్డీ చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల దగ్గర సాగడం మొదలుపెడుతుంది. రోపు తీగ 1770 న్యూటన్ల గ్రేడుది కావడం మామూలే. ఉక్కు కోరున్న 20 మి.మీ. 6×36 రోపు ఈ గ్రేడులో సుమారు 25 టన్నుల దగ్గర తెగుతుంది. భద్రత కోసం అయిదో వంతే లెక్కలోకి తీసుకుంటే పని భారం 5 టన్నులు. ఇంత గట్టి తీగను చల్లగానే లాగి లాగి తయారు చేస్తారు కాబట్టి దానిలో ఇంకా సాగే గుణం పెద్దగా మిగలదు. కడ్డీ వంగితే సుత్తితో కొట్టి సరిచేసినట్టు దీన్ని సరిచేయలేం.

ఇక విప్పడం. గిఫ్టు ప్యాకెట్లకు కట్టే రిబ్బను చుట్ట ఒకటి ఉంటే ఈ విషయం టేబుల్ మీదే తేలిపోతుంది. చుట్ట రంధ్రంలో పెన్సిల్ దూర్చి, చుట్ట తిరిగేలా కొస లాగితే రిబ్బను పలకగా, తిన్నగా వస్తుంది. అదే చుట్టను బల్ల మీద పడుకోబెట్టి, కదలకుండా అదిమి పట్టి, కొసను పైకి లాగితే రిబ్బను మెలికలు తిరుగుతూ వస్తుంది. లెక్కపెట్టి చూడండి, వదిలిన ప్రతి చుట్టుకూ సరిగ్గా ఒక పూర్తి మెలి. పది చుట్లు వస్తే పది మెలులు. రిబ్బను పలకగా ఉంటుంది కాబట్టి మెలి కనిపిస్తుంది. గుండ్రటి రోపులో మెలి కనిపించదు, లోపలే దాక్కుంటుంది. తేడా అంతే.

అడ్డంగా మీటరు ఉన్న చుట్ట అనుకుందాం. ఒక చుట్టుకు 3.14 మీటర్లు. నేల మీద పడుకోబెట్టి 100 మీటర్లు లాగితే దాదాపు 32 మెలులు రోపులోకి ఎక్కుతాయి. 20 మి.మీ. రోపులో ఒక పాయ పూర్తిగా చుట్టు తిరగడానికి పట్టే పొడవు, అంటే లే పొడవు, సుమారు 125 నుంచి 130 మి.మీ. ఆ లెక్కన 100 మీటర్లలో పుట్టుకతో ఉన్న పురి సుమారు 770 నుంచి 800 చుట్లు. దానిలో 32 అంటే నాలుగు శాతం. ఇంతేనా అనిపిస్తుంది. ఆ 32 మెలులూ రోపంతా సమంగా పరుచుకుంటే పెద్ద ఇబ్బంది ఉండదేమో. కానీ అవి పరుచుకోవు. రోపును ముందుకు లాగుతుంటే మెలి కూడా దాని వెంట పరిగెత్తుతుంది, నేలకు రాసుకున్న చోటో, గిలకకు తగిలిన చోటో ఆగుతుంది, వెనక వచ్చేవి దానికి జతకూడతాయి. చివరికి అన్నీ కలిసి ఎక్కడ రోపు వదులుగా ఉందో అక్కడ ఉంగరంలా బయటికి లేస్తాయి. ఏ వైపు నుంచి లాగారనే దాన్నిబట్టి మెలి పురిని బిగించనూ వచ్చు, వదులు చేయనూ వచ్చు. రెండూ చెరుపే. బిగిస్తే పాయలు కోరును నలుపుతాయి, వదులైతే పాయలు విడివడి ఉబ్బుతాయి.

ఆ ఉంగరం దగ్గరే కాసేపు ఆగాలి. మొదట అది సైకిల్ చక్రమంత ఉంటుంది. అప్పుడు పని ఆపి, కొసను మెలికి ఎదురు దిశలో తిప్పితే ఉంగరం తనంతట తానే విచ్చుకుంటుంది, రోపుకు ఏమీ కాదు. ఇది ఒక నిమిషం పని. కానీ ముందు లాగేవాళ్లకు వెనక ఉంగరం కనిపించదు. వాళ్లకు తెలిసేది బరువు పెరిగిందన్న సంగతి మాత్రమే, అందుకని ఇంకా గట్టిగా లాగుతారు. చక్రం పళ్లెమంత అవుతుంది, పళ్లెం గాజంత అవుతుంది. ఆపైన టక్‌మని చిన్న శబ్దం, రోపు మళ్లీ తిన్నగా కనిపిస్తుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి కొంప మునిగింది అప్పుడే. ఆ చోట చేత్తో తడిమితే చిన్న వంపు తగులుతుంది, ఒక పాయ పైకి లేచి ఉంటుంది, ఒక్కోసారి పాయల సందులోంచి కోరు తొంగి చూస్తుంది. దాన్ని దుంగ మీద పెట్టి సుత్తితో కొట్టి సాపు చేస్తారు. పైకి సాపవుతుంది కానీ లోపల పాయల పొడవులు తేడాపడ్డాయి, ఆ తేడా సుత్తికి లొంగదు. గిలక మీద వెళ్లిన ప్రతిసారీ ఆ వంపు దగ్గరే రాపిడి, ఆ వంపు దగ్గరే తీగలు తెగడం. మెలిక బిగిసిన రోపుకు మరమ్మతు లేదు. ఆ ముక్క కోసేయాలి, పొడవు చాలకపోతే రోపునే మార్చాలి. ఇన్ని వేలు పోసి కొన్నది అనే బాధ ఉంటుంది కాబట్టి ఈ నిర్ణయం సూపర్‌వైజర్ ఒక్కడి మీద వదలకూడదు. కొనే అధికారం ఉన్నవాళ్లు వచ్చి ఆ వంపును చేత్తో ముట్టి చూడాలి.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. రోపు తిరగకూడదు, చుట్ట తిరగాలి, అంతే. రీలు మీద వచ్చిన రోపైతే రీలు నడుమ రంధ్రంలో గట్టి షాఫ్టు దూర్చి, రెండు పక్కలా జాకీల మీదో స్టాండ్ల మీదో లేపి, రీలు తిరుగుతుండగా లాగాలి. చుట్టగా వచ్చిన రోపైతే తిరిగే బల్ల కావాలి. బేరింగు మీద తిరిగే పలక, దాని మీద నాలుగు నిలువు పైపులు ఉంటే సరిపోతుంది. వర్క్‌షాపులో ఒక పూటలో వెల్డింగు చేసుకోవచ్చు. అదీ లేదు, రోపు పొడవూ తక్కువే అంటే, బయటి కొసను నేలకు బిగించి, చుట్టను పిల్లలు పాత టైరు దొర్లించినట్టు తిన్నగా దొర్లించుకుంటూ పోవాలి. దారిలో ఇసుక, కంకర ఉండకూడదు. గ్రీజుకు అంటిన ఇసుక పాయల్లోకి దిగితే రోపు లోపలి నుంచే ఆకురాయి పెట్టి రుద్దినట్టు అరుగుతుంది.

అసలు రీలు లారీ దిగేటప్పుడే సగం ప్రమాదాలు పొంచి ఉంటాయి. ఉక్కు కోరున్న 20 మి.మీ. రోపు మీటరుకు 1.6 కిలోలకు పైనే తూగుతుంది. వెయ్యి మీటర్ల రీలంటే రోపు ఒక్కటే టన్నున్నర దాటుతుంది. కింద పాత టైర్లు పరిచి లారీ మీంచి దొర్లించడం చాలా చోట్ల అలవాటు. రీలు పక్క చెక్కలు పగిలితే షాఫ్టు మీద అది సరిగా తిరగదు, కథ మళ్లీ పడుకోబెట్టి లాగడం దగ్గరికే వస్తుంది. రీలును ఎత్తాలంటే నడుమ షాఫ్టు దూర్చి దానికి స్లింగు వేయాలి. ఫోర్క్‌లిఫ్టు అయితే కొమ్ములు రెండు పక్కల చెక్కల కిందికి వెళ్లాలి, రోపుకు తగలకూడదు.

చుట్టకు కట్టిన ఇనుప పట్టీలు కోయడం మరో ప్రమాద ఘడియ. చుట్టలో ఉన్న రోపు నొక్కిపెట్టిన స్ప్రింగు లాంటిది. పట్టీ కోసిన మరుక్షణం కొస విసురుగా లేస్తుంది, పట్టీ ముక్క కూడా ఎగిరి కంటికి తగలొచ్చు. కొసను ముందే కట్టి, పక్కన నిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని, పట్టీలు ఒక్కొక్కటిగా కోయాలి. చేతులకు తోలు గ్లౌజులు ఉండాలి. తెగిన తీగ కొస గుడ్డ గ్లౌజును సూదిలా దాటిపోతుంది. అయితే గ్లౌజులున్నాయి కదా అని కదిలే రోపును పట్టుకోవడం ఇంకా పెద్ద తప్పు. తీగ కొస గ్లౌజుకు తగులుకుంటే గ్లౌజుతో పాటు చెయ్యి, క్రేనులో రోపు చుట్టుకునే డ్రమ్ము వైపు వెళుతుంది. డ్రమ్ము మీద చుట్లు సర్దడానికి చేత్తోనో, బూటు కాలితోనో తోసే అలవాటు ఖలాసీల్లో పాతది. రోపు ఆపి, తర్వాత చెక్క సుత్తితో తట్టి సర్దాలి. దీంట్లో మినహాయింపులు పెట్టుకోకూడదు.

రీలు నుంచి డ్రమ్ముకు ఎక్కించేటప్పుడు దిశ చూడాలి. రీలు మీద నెలల తరబడి ఒక వైపు వంగి ఉన్న రోపుకు ఆ వంపు అలవాటైపోతుంది. డ్రమ్ముకు పైనుంచి ఎక్కించేటట్టయితే రీలు పైనుంచి రావాలి, కిందినుంచైతే కిందినుంచి. పై నుంచి తీసి కింద ఎక్కిస్తే రోపు ఎస్ అక్షరంలా రెండు వైపులా వంగి ఆ అలవాటుతో గొడవ పడుతుంది. డ్రమ్ము ఏ పక్క నుంచి మొదలుపెట్టాలన్నదీ పురిని బట్టే ఉంటుంది. రోపును నిలువుగా పట్టుకుంటే పాయలు కుడి పైకి ఎక్కుతున్నట్టు కనిపిస్తే అది కుడి పురి, ఎక్కువగా దొరికేది ఇదే. దానికి కుడి చెయ్యి వాడాలి. డ్రమ్ము వెనక, రోపు వెళ్లే వైపు చూస్తూ నిలబడి, రోపు డ్రమ్ము పైనుంచి వెళ్తుంటే అరచెయ్యి కిందికి పెట్టి చూపుడు వేలు రోపు దిశలో చాచాలి. బొటనవేలు ఎడమ వైపు చూపిస్తుంది. రోపు కొసను బిగించాల్సింది ఆ పక్కనే. కిందినుంచి వెళ్తే అరచెయ్యి పైకి తిప్పాలి, అప్పుడు కుడి పక్క. ఇలా చేస్తే చుట్లు ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటాయి. తారుమారైతే చుట్ల మధ్య సందులు పడతాయి, పై వరస ఆ సందుల్లో దిగబడుతుంది.

మొదటి వరస బిగువుగా రావాలంటే రీలుకు బ్రేకు ఉండాలి. రీలు పక్క చెక్క అంచుకు పలక ఆనించి నొక్కితే చాలు. చాలా చోట్ల ఆ పలకను నేరుగా రోపు చుట్ల మీదే నొక్కుతారు, లేదా రెండు చెక్కల మధ్య రోపును ఇరికించి లాగుతారు. మొదటి పద్ధతిలో పాయలు నలుగుతాయి. రెండో దానిలో గ్రీజంతా చెక్కకు అంటుకుంటుంది, రాపిడికి రోపు వేడెక్కుతుంది, అక్కడ ఆగిన మెలి వెనక్కి పోగుపడుతుంది.

పాత రోపు కొసకు కొత్తదాన్ని కట్టి, పాతదాన్ని లాగుతూ గిలకల గుండా కొత్తది ఎక్కించడం అందరికీ తెలిసిన చిట్కానే. తేలికే, కానీ రెంటినీ నేరుగా వెల్డింగు చేసి కలిపితే పాత రోపులో ఏళ్ల తరబడి పోగుపడిన పురి అంతా కొత్తదానిలోకి దిగుతుంది. నడుమ ఒక సన్నటి నార తాడో, లాగితే బిగిసే వల తొడుగో వేస్తే ఆ పురి అక్కడే ఆగిపోతుంది. ఇంకో మాట, గిలక గాడిని కూడా ఓసారి చూడాలి. అరిగిన పాత రోపు ఆ గాడిలో తన అచ్చు వేసి ఉంటుంది. కొత్త రోపు దానికంటే కాస్త లావు కాబట్టి ఇరుకులో పడి పక్కల నుంచి నలుగుతుంది. లావు కొలవడం వెర్నియరుతో, ఎదురెదురు పాయల నెత్తుల మీద పెట్టి, ఎక్కువ వచ్చే కొలత తీసుకోవాలి. పాయల సందుల మీద పెడితే తక్కువ చూపిస్తుంది.

టవర్ క్రేన్లలాంటి వాటికి వాడే తిరగని రకం రోపుల విషయంలో ఇవన్నీ రెట్టింపు జాగ్రత్తతో చేయాలి. వాటిలో లోపలి పాయల పురి ఒక దిశ, బయటి పాయల పురి ఎదురు దిశ. రెండూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి కాబట్టే బరువు తిరగదు. విప్పేటప్పుడు నాలుగు మెలులు ఎక్కితే ఒక పొర బిగుస్తుంది, ఇంకో పొర వదులవుతుంది. బయటి పాయలు పంజరంలా ఉబ్బిన తిరగని రోపును చూసిన ప్రతిచోటా కథ ఇదే అని చెప్పలేం, అకస్మాత్తుగా భారం వదిలినా అలా అవుతుంది. కానీ మొదట అడగాల్సిన ప్రశ్న మాత్రం చుట్ట ఎలా విప్పారన్నదే. ఈ రకం రోపు కొసను కోసేటప్పుడూ అంతే. ఏ రోపునైనా కోసే గుర్తుకు రెండు పక్కలా మెత్తటి బైండింగ్ వైరుతో బిగించి కట్టాకే కోయాలి, దీనికైతే ఇంకో రెండు కట్లు ఎక్కువ వేయాలి. కట్టకుండా కోస్తే కొస దగ్గర పాయలు కొద్దిగా వదులవుతాయి, ఆ వదులు మీటర్ల కొద్దీ లోపలికి పాకుతుంది.

గనుల్లో ఇంకో రకం. ఆల్బర్ట్ మొదట పేనింది కూడా అదే. తీగల పురి, పాయల పురి రెండూ ఒకే దిశలో ఉంటాయి, దాన్నే లాంగ్స్ లే అంటారు. రాపిడికి బాగా ఓర్చుకుంటుంది కాబట్టి వాలు దారుల్లో బొగ్గు టబ్బులు లాగే హాలేజి పనికి అనువైనది. సింగరేణి ప్రాంతంలో హాలేజి రోపన్న మాట తెలియని పాతతరం కార్మికుడు ఉండడు. ఈ రోపుకు విడిపోయే గుణం ఎక్కువ. రెండు కొసలూ తిరగకుండా బిగించి ఉంటేనే వాడాలి, ఒక కొస ఊరికే వదిలితే పురి తనంతట తానే విప్పుకుంటుంది.

మన దేశంలో సాధారణ ఇంజినీరింగ్ పనుల రోపులకు ఐఎస్ 2266, గనుల్లో మనుషులను దించే రోపులకు ఐఎస్ 1855, ఎంపిక, బిగింపు, నిర్వహణకు ఐఎస్ 3973 ప్రమాణాలున్నాయి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ బరువులెత్తే యంత్రాలను, రోపులను కనీసం 12 నెలలకు ఒకసారి అర్హుడైన వ్యక్తి పూర్తిగా పరీక్షించాలని చెప్పింది. ఆ పరీక్ష వాడకంలో ఉన్న రోపుకు. చుట్ట విప్పే పూట అక్కడ ఇన్‌స్పెక్టర్ ఉండడు, చాలాసార్లు ఇంజినీరూ ఉండడు. కాంట్రాక్టరు మనుషులు, అరగంట టైము, కింద కంకర నేల. విశాఖ, కాకినాడ రేవుల్లో మరపడవలకు వల లాగే వైరు మార్చే చోట అయితే ఆ పాటి రిజిస్టరూ కనిపించదు. పైగా ఉప్పుగాలి. అక్కడ ఆరుబయట నేల మీద పడి ఉన్న చుట్ట విప్పకముందే లోపల తుప్పు పట్టడం మొదలుపెట్టి ఉంటుంది.

రోపు ఎక్కాక వెంటనే పూర్తి బరువు ఎత్తకూడదు. పని భారంలో పదో వంతు వేసి నాలుగైదుసార్లు పైకీ కిందికీ నడిపితే పాయలు తమ చోట్లలో కూర్చుంటాయి. అప్పుడే హుక్కు బ్లాకు తిరుగుతోందా అని గమనించాలి. తిరుగుతోంటే ఆ రోజే రోపు చివరి కొసను దాని పిన్ను నుంచి విప్పి, బ్లాకు తిరిగిన దానికి ఎదురు దిశలో కొసను తిప్పి, మళ్లీ బిగించి చూడాలి. ఒకేసారి పది చుట్లు తిప్పకూడదు. ఒక చుట్టు తిప్పడం, నడపడం, చూడడం. రీలు మీద మిగిలిన రోపును మొదట ఉన్న దిశలోనే తిరిగి చుట్టి, కొసకు బైండింగ్ వైరు కట్టి, ఒక రేకు ముక్క మీద లావు, పురి ఏ వైపో, మిగిలిన పొడవు, కోసిన తేదీ గుద్ది వేలాడదీస్తే, ఆర్నెల్ల తర్వాత దాన్ని విప్పేవాడు పడుకోబెట్టి లాగకముందు ఒక్కసారైనా దాన్ని చదువుతాడు.